మస్తాన్ నీళ్ళు తిప్పాడు

ఫోన్లో నన్ను అందరూ సార్ అంటారు. గ్యాస్ బండకి చేసినా, మా అమ్మాయి బడికి చేసినా అంతే. "సార్, ఒకసారి మేడంకి ఇవ్వండి" అంటారు. మొదట్లో నేనే మేడాన్నని చెప్పేదాన్ని. అవతలివాళ్ళు నవ్వేవాళ్ళు, లేదంటే ఫోన్ పెట్టేసేవాళ్ళు. ఇప్పుడు చెప్పడం మానేశాను.

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి అయిదేళ్ళు దాటింది. మెడ కుడివైపుకి పూర్తిగా తిరగదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పోయినసారి వెళ్ళినప్పుడు డాక్టరు గారు "ఇంక నెలనెలా రానక్కర్లేదమ్మా, ఏమన్నా ఇబ్బందయితేనే రా" అన్నారు. అంటే బాగయ్యిందని కాదు, ఇంతకన్నా బాగవ్వదని. ఆ సంగతి బస్సులో కూర్చున్నాక అర్థమైంది. ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను. చదివేవాళ్ళలో ఎవరైనా అలాంటి ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే, లేక గొంతులో గొట్టంతో పడుకున్న మనిషి పక్కన కూర్చుని ఉంటే, వాళ్ళకి పనికొస్తుందేమో.

2001, ఎండాకాలం

మాది నరసరావుపేట. కెమిస్ట్రీతో బీఎస్సీ చదివాను. మావారు పురుగుమందుల కొట్లో పనిచేసేవారు. పాప హారికకి అప్పుడు ఆరేళ్ళు. నేను చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఒక ఫ్యాక్టరీ లాబులో ఉద్యోగం చేసేదాన్ని.

పత్తి తీసేశాక చేలో కట్టె మిగులుతుంది. రైతులు పొయ్యిలోకి వాడుకున్నంత వాడుకుని మిగతాది తగలబెడతారు. ఆ కట్టె కొని, పొట్టు చేసి, జిగురు కలిపి బోర్డులుగా వత్తడం మా ఫ్యాక్టరీ పని. జిగురు కూడా అక్కడే తయారయ్యేది. అందుకని చుట్టుపక్కల అందరూ జిగురు ఫ్యాక్టరీ అనేవాళ్ళు. ఇంటి ఎత్తున్న ఒక ఉక్కు పాత్ర ఉండేది, రియాక్టరు. అందులో ఫినాలు, ఫార్మలిను పోసి ఉడికిస్తే జిగురవుతుంది. మధ్యమధ్యలో కొంచెం తీసి ఎంత చిక్కబడిందో చూసి చెప్పడం నా పని.

ఉడికించడం అన్నాను గానీ, అసలు పని ఉడికించడం కాదు. మొదట కాస్త వేడి తగిలించాలి. ఆ తర్వాత ఆ రెండూ కలుస్తూ వాటంతట అవే వేడెక్కుతాయి. అప్పట్నుంచి మన పనంతా చల్లబరచడమే. రియాక్టరు చుట్టూ ఉన్న తొడుగులో చన్నీళ్ళు తిరుగుతూ ఉండాలి, లోపల తెడ్డు తిరుగుతూ ఉండాలి. ఆ రెండూ ఆగితే వేడి బయటికి పోయే దారి లేదు. వేడెక్కినకొద్దీ ఇంకా తొందరగా కలుస్తాయి, కలిసినకొద్దీ ఇంకా వేడి. ఒక హద్దు దాటాక మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. ఇదంతా నేను కాలేజీలో చదివాను. పరీక్షలో రాశాను కూడా.

కరెంటు పోతే నీళ్ళ పంపుకీ తెడ్డుకీ జనరేటరు ఉండేది. ఆ ఏడు మా యజమానికి ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో జనరేటరు చెడిపోయింది. ధర కోసం ఆగిన బస్తాలు లోపల పైకప్పు దాకా ఉన్నాయట. మాది లారీకెక్కించి అక్కడికి తీసుకెళ్ళారు. "రెండ్రోజుల్లో తెచ్చేస్తారు" అన్నారు మేనేజరు గారు. ఎండలు ముదిరాయి. జనరేటరు రాలేదు.

ఆ రోజు భోజనాలయ్యాక మేనేజరు గారు లాబులోకొచ్చారు.

"మూడింటికి కరెంటు తీస్తారంట. ఈలోపు బ్యాచ్ దించేయాలి. ఫార్మలిన్ విడతలుగా పోస్తా కూర్చోవద్దు, ఒకేసారి పోసెయ్యమను."

"ఒకేసారి పోస్తే వేడి పట్టలేం సార్. జనరేటరు కూడా లేదు" అన్నాను.

"జనరేటరు లేదనే కదమ్మా త్వరగా చెయ్యమంటంది. కరెంటు ఉండగానే అయిపోతే జనరేటరుతో పనేంటి?"

ఒకేసారి పోశారు. కరెంటు మూడు దాకా ఆగలేదు.

తెడ్డు మోత ఆగిపోయింది. పంపు ఆగిపోయింది. షెడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నేను రియాక్టరు పక్కన మెట్ల మీది అరుగు మీద ఉన్నాను. కింద ఆపరేటరు మస్తాన్ పైట్యాంకు నీళ్ళొచ్చే వాల్వు దగ్గరికి ఉరికాడు. రెండు చేతులతో పట్టుకుని, కాలు గోడకి తన్నిపెట్టి తిప్పాడు. గొట్టంలో నీళ్ళు దిగిన చప్పుడు నాకు వినపడింది. వేడి చూపించే ముల్లు కాసేపు కదలకుండా నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను కూడా. పైట్యాంకు చేతులు కడుక్కోవడానికీ, నేల కడగడానికీ కట్టింది. అది ఖాళీ అయిపోయింది. ముల్లు మళ్ళీ కదిలింది. మస్తాన్ పూర్తిగా తెరిచిన వాల్వునే ఇంకా తిప్పుతున్నాడు.

పైమూత దగ్గర ఈల వేసినట్టు సన్నగా మోత మొదలైంది.

"రమగారూ, దిగండి! దిగి పరిగెత్తండి!" అని అరిచాడు. తను మాత్రం కదల్లేదు.

నేను సగం మెట్లు దిగేసరికి మూత తన్నుకుని ఎగిరిపోయింది. గోధుమరంగు నురగ, సలసల కాగుతున్నది, షెడ్డు కప్పుకి కొట్టి కిందపడింది. నా మెడ మీద, కుడి చెంప మీద, చెయ్యి మీద పడింది. దానికి సరిగ్గా కింద మస్తాన్ ఉన్నాడు.

నాకు నొప్పి తెలియలేదు. చెయ్యి చూసుకుంటే ఉడికిన గుడ్డు తెల్లసొనలాగా తెల్లగా ఉంది. గిల్లితే తెలియడం లేదు. ఏమీ కాలేదు, దేవుడు చల్లగా చూశాడు అనుకున్నాను. ఫినాలు పడ్డచోట ముందు తిమ్మిరెక్కి చచ్చుపడుతుందని తర్వాత చెప్పారు. నొప్పి కన్నా ముందు గొంతు మూసుకుపోవడం మొదలైంది. ఎవరో నన్ను నీళ్ళ తొట్టి దగ్గరికి లాక్కెళ్ళారు. తొట్టిలో నీళ్ళు కూడా అంతంతే.

ఆసుపత్రిలో

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొచ్చారు. గొంతు కింద కోసి గొట్టం పెట్టారు. ఆ గొట్టంలోంచే గాలి. మాట రాదు. కళ్ళకి ఆవిరి తగిలిందని కట్టు కట్టారు. అంటే నాకు మిగిలినవి చెవులు మాత్రమే.

ఈ ఒక్క సంగతీ గట్టిగా చెప్పాలని ఉంది. గొట్టం పెట్టిన మనిషికి చెవులుంటాయి. మా వాళ్ళు ఎవరూ నమ్మలేదు. నా మంచం పక్కనే నిలబడి మా ఆడపడుచు "బతికినా ఆ ముఖంతో ఎట్టా తిరుగుద్దో" అంది. ఇంకెవరో, గొంతు గుర్తుపట్టలేకపోయాను, "మగాడు ఎన్నాళ్ళని చేస్తాడు, చిన్న వయసు" అన్నారు. దానికి మావారు ఏం చెబుతారా అని ఊపిరి బిగబట్టి విన్నాను. గొట్టం పెట్టాక ఊపిరి బిగబట్టడం కూడా మన చేతిలో ఉండదు. అది గురగురమంటూనే ఉంది. ఆయన ఏమీ అనలేదు.

కట్టు మార్చేది పొద్దున్నే. ట్రాలీ చక్రాల చప్పుడు వరండా చివర్నుంచి వినపడేది. అది ఒక్కో గది దగ్గర ఆగుతూ వచ్చేది, ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు అరిచేవాళ్ళు. నా దగ్గరికి వచ్చేసరికి నేను చెమటతో తడిసి ముద్దయిపోయేదాన్ని. అరవడానికి నాకు గొంతు లేదు. నోరు తెరిస్తే గొట్టంలోంచి బుస్సుమని గాలి. కట్టు విప్పే అతను ఒకరోజు పక్కనున్నవాడితో "ఈమె నయం, గోల చెయ్యదు" అన్నాడు.

మేరీ సిస్టర్ అని ఒక నర్సు ఉండేది. ముట్టుకునే ముందు ఆవిడొక్కతే చెప్పేది. "రమా, ఇప్పుడు నీ ఎడమ చెయ్యి పడతన్నా. ఇప్పుడు దిండు తీస్తన్నా." అంతే. ఇంకేం చెయ్యలేదు, చెయ్యగలిగింది కూడా లేదు. ఆవిడ డ్యూటీలో ఉన్నప్పుడు నేను నిద్రపోయేదాన్ని.

మస్తాన్ పక్క గదిలోనే ఉన్నాడు. ఒళ్ళు కాలినదానికన్నా లోపలికి ఇంకిన విషం ఎక్కువన్నారు, కిడ్నీలు ఆగిపోయాయన్నారు. గోడ అవతల ఆయన మూలుగు వినపడేది. ఒకరోజు మధ్యాహ్నం ఆ మూలుగు వినపడలేదు. కాసేపటికి ఒక ఆడమనిషి ఏడుపు వినపడింది. తర్వాత అది కూడా ఆగిపోయింది. వరండాలో మేనేజరు గారి గొంతు.

"ఏం చేస్తామమ్మా. కరెంటు పోగానే నీళ్ళు తిప్పాల్సింది మీ ఆయనే. కంగారులో మర్చిపోయాడు. తిప్పుంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. అయినా మా యజమాని గారు మిమ్మల్ని వదిలెయ్యరులే."

ఆయన చెప్పిన మాటలు నాకు ఒక్కొక్కటీ వినపడ్డాయి. శవం ఇంకా గదిలోనే ఉంది.

తలుపు తీసిన చప్పుడైంది. చెప్పులు లేని కాళ్ళు నా మంచం దగ్గరికి వచ్చి ఆగాయి.

"అమ్మాయిగారూ, నేను మస్తాన్ భార్యని, ఖాసింబీని. మా ఆయన నీళ్ళు తిప్పలేదంటన్నారు. మీరక్కడే ఉన్నారంటగా. నిజమేనా అండీ? ఆయనే మర్చిపోయాడా?"

కాదని తల ఊపాను. కుట్లు తెగుతాయని తెలుసు. అయినా ఊపాను. అటూ ఇటూ, కాదు, కాదు అని. మెడ మీద ఏదో వెచ్చగా కారింది.

"ఏందండీ? కాదంటన్నారా?" అంది ఖాసింబీ. ఆమె గొంతు నా ముఖం మీదికి వంగింది.

అప్పుడు మావారి మాట వినపడింది. ఆయన గదిలో ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఆమెకి స్పృహ లేదమ్మా. అట్టా తల కొట్టుకుంటానే ఉంటది. డాక్టర్లు కూడా పట్టించుకోవద్దన్నారు. నువ్వెళ్ళు."

చెప్పులు లేని కాళ్ళు వెళ్ళిపోయాయి. నేను మంచం పట్టీ మీద చేత్తో కొట్టాను. మావారు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కింద పెట్టారు. "ఊరుకో రమా. నీ ఆసుపత్రి ఖర్చంతా వాళ్ళే పెడతన్నారు. మనకెందుకు చెప్పు" అన్నారు. అప్పుడే నాకు ఇంకో సంగతి కూడా అర్థమైంది. నాకు స్పృహ ఉందని ఆయనకి మొదట్నుంచీ తెలుసు.

సాయంత్రం మేరీ సిస్టర్ వచ్చి, కళ్ళ కట్టు తడిగా ఉండడం చూసింది. "నొప్పా? అవునయితే నా వేలు ఒకసారి నొక్కు, కాదయితే రెండుసార్లు" అంది. రెండుసార్లు నొక్కాను. ఆవిడ ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. ఇంటివాళ్ళ గురించా? పాప గురించా? పక్క గది గురించా? ఒకసారి నొక్కాను. ఆయన భార్యకి ఏమన్నా చెప్పాలా? నొక్కిన వేలు వదల్లేదు. మేరీ సిస్టర్ పరిగెత్తుకుంటూ వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"వ్యాన్లో పెట్టుకుని వెళ్ళిపోయారమ్మా."

వానాకాలం

కళ్ళ కట్టు తీశారు. చూపు నిలిచింది. గొట్టం తీశారు. మాట వచ్చింది గానీ అది నాది కాదు. ఇంటికి తీసుకొచ్చాక హారిక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను పిలిచాను. ఆ గొంతు విని పాప వెళ్ళి మా అక్క సీత వెనక దాక్కుంది. పిల్లని నా వైపు తోయవద్దని అక్కతో చెప్పాను.

నాలుగు రోజుల తర్వాత వంటింట్లో వాళ్ళ నాన్నని అడుగుతుంటే విన్నాను. "ఈమెని వాళ్ళింటికి ఎప్పుడు పంపిస్తారు నాన్నా?"

మావారు పడక ముందు గదిలోకి మార్చుకున్నారు. మందుల వాసన పడటం లేదన్నారు. ఆయన రోజంతా పురుగుమందుల కొట్లో ఉండే మనిషి.

చూడ్డానికి వచ్చినవాళ్ళు నా ఎడమ వైపు కూర్చునేవాళ్ళు. కుడివైపు కుర్చీ ఖాళీగా ఉండేది. మా పక్కింటి పెద్దావిడ ఒక్కతే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, నా ముఖాన్ని తేరిపార చూసి, "బాగా కాలిందే" అని, బీరకాయలు తరుగుతూ కూరగాయల ధరలు మాట్లాడింది. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను. సుఖంగా ఏడ్చాను.

మస్తాన్ వాళ్ళ ఇంటికి కబురు పెట్టాను. ఖాసింబీ పిల్లల్ని తీసుకుని మార్టూరు వైపు పుట్టింటికి వెళ్ళిపోయిందన్నారు. అక్కడికీ కబురు పంపాను. ఫ్యాక్టరీ వాళ్ళెవర్నీ చూడనందని తిరుగు కబురొచ్చింది.

దసరా వెళ్ళాక

ఫ్యాక్టరీలను తనిఖీ చేసే అధికారి గుంటూరులో విచారణ పెట్టారు. రమ్మన్నారు. ముందురోజు మేనేజరు గారు యాపిల్ పళ్ళతో ఇంటికొచ్చారు.

"మీరు అబద్ధం చెప్పక్కర్లేదమ్మా. ఏం చూళ్ళేదని చెప్పండి, చాలు. మెడకి ఇంకో ఆపరేషనుందంటగా, అది కూడా మేమే చేయిస్తాం."

ఆయన వెళ్ళాక మావారు అన్నారు, "కళ్ళు పోయినంత పనయింది. చూళ్ళేదంటే ఎవరైనా నమ్ముతారు. ఆ మెడ వంకర లేకుండా అయితే నీకే గదా మంచిది."

"ఆమెకి స్పృహ లేదని చెప్పారు మీరు" అన్నాను.

"నీ కోసమే చెప్పా."

"నేను అడిగానా?"

"అడగడానికి నీకు నోరుందా అప్పుడు?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ మేం పెద్దగా పోట్లాడుకున్నది లేదు. ఆ రోజుది కూడా పోట్లాట అనలేను. ఇద్దరం చాలా మెల్లగా మాట్లాడుకున్నాం, పాప లేస్తుందని.

విచారణకి అక్కతో వెళ్ళాను. జనరేటరు ఎక్కడికి పోయిందో, ఒకేసారి పోయమన్నది ఎవరో, మస్తాన్ నీళ్ళు తిప్పడం, ట్యాంకు ఖాళీ అవడం, అన్నీ చెప్పాను. గొంతు మధ్యలో ఆగిపోతుంటే అధికారి గారు గ్లాసు నా ముందుకి జరిపారు. బయట వరండాలో మేనేజరు గారు నా పక్కనుంచి వెళుతూ నన్ను చూడలేదు. కాలిన కుడివైపు నుంచే వెళ్ళారు, అయినా చూడలేదు.

మెడ ఆపరేషను జరగలేదు. ఫ్యాక్టరీకి జరిమానా పడింది, కొన్నాళ్ళు మూతపడింది. పని పోయినవాళ్ళు కొందరు దారిలో నన్ను చూసి "వచ్చిందమ్మా సత్యవంతురాలు" అన్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళిళ్ళల్లో పొయ్యి వెలగాలి. ఆ తర్వాత ఫ్యాక్టరీ ప్రకాశం జిల్లాలో ఇంకో పేరుతో తెరిచారు. అక్కడ రెండు జనరేటర్లు పెట్టారని విన్నాను.

మిరపకాయల రోజులు

మా ప్రాంతంలో సంక్రాంతి దాటాక మిరపకాయల ఘాటు గాలిలోనే ఉంటుంది. కల్లాల్లో, లారీల్లో, గోనెసంచుల్లో, పక్కింటి రోట్లో. ఇన్నాళ్ళూ ఆ వాసన మాకు అన్నం వాసనలాంటిది. ఇప్పుడు అది లోపలికి పోతే గొంతు బిగుసుకుపోయేది. ఒకసారి దగ్గుతూ దగ్గుతూ వాకిట్లోనే పడిపోయాను. హారిక పరిగెత్తుకొచ్చి, నన్ను ముట్టుకోకుండా, నా పక్కన నేల మీద కూర్చుంది. అదే మొదటిసారి దగ్గరికి రావడం.

డాక్టరు గారు ఊరు మారమన్నారు. అక్క వాళ్ళది తాడేపల్లి. కృష్ణ గాలి తగులుతుంది, అక్కడికి రమ్మంది. మావారు బస్టాండు దాకా వచ్చి సామాను ఎక్కించారు. "సీజను కాగానే వచ్చెయ్యి" అన్నారు. సీజను అయిపోయింది. రమ్మని ఆయన అడగలేదు, వస్తానని నేను అనలేదు. వేసవి సెలవుల తర్వాత హారిక నా దగ్గరికే వచ్చి తాడేపల్లి బళ్ళో చేరింది. ఇప్పటికీ రోడ్డు మీద నడిచేటప్పుడు నా ఎడమ వైపే నడుస్తుంది. రాత్రి నా పక్కన పడుకునేటప్పుడు మాత్రం ఏ వైపని చూడదు.

2002, పత్తి తీతలప్పుడు

చెప్పాల్సినది చెప్పడానికి ఖాసింబీ పిలుపు కోసం చూస్తూ ఏడాది దాటింది. ఇంక పిలుపు రాదని తెలిసి అక్కా నేనూ బయల్దేరాం. మార్టూరులో దిగి, ఆటోలో వాళ్ళ ఊరికి వెళితే, పత్తి తీయడానికి చేనుకి పోయిందన్నారు. గట్ల మీద నడుచుకుంటూ వెళ్ళాం. ఆడవాళ్ళు నడుముకి సంచులు కట్టుకుని వరసగా వంగి తీస్తున్నారు. అక్క పేరు పెట్టి పిలిచింది. ఒకామె నడుమెత్తి చూసింది. బక్కపల్చటి మనిషి, నాకంటే చిన్నది. ఆమె ముఖం చూడటం నాకు అదే మొదలు.

ఆమెకి నేనెవరో చెప్పక్కర్లేకపోయింది. నా ముఖమే చెప్పింది.

"మస్తాన్ నీళ్ళు తిప్పాడమ్మా" అన్నాను. "నేను చూశాను. రెండు చేతులతో తిప్పాడు. ట్యాంకులో నీళ్ళు అయిపోయినాయి. నన్ను పరిగెత్తమని చెప్పి, తను వాల్వు దగ్గరే ఉండిపోయాడు. ఆఫీసరు ముందు కూడా ఇదే చెప్పాను."

ఆమె చేతిలోని పత్తిని సంచిలో వెయ్యకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"ఆ రోజు మీరు తల ఊపారు" అంది. "కాదన్నట్టే అనిపించింది నాకు. స్పృహ లేదని మీ ఆయన అన్నాడు."

"స్పృహ ఉంది."

"ఉందా." ఆమె నా మెడ వైపు చూసింది. "ఇంటికి తెచ్చాక అందరూ ఆఖరిసారి ముఖం చూడమన్నారండీ. నేను చూళ్ళా. ఒక్క వాల్వు తిప్పలేక మమ్మల్ని రోడ్డు మీద పడేసి పోయాడని, తలుపేసుకుని లోపలే కూర్చున్నా. మా అత్త వచ్చి కాళ్ళు పట్టుకుంది. అయినా రాలా. తీసుకెళ్ళిపోయారు."

చేతిలోని పత్తిని సంచిలో వేసింది.

"మీ మీద నాకేం లేదండీ" అంది. "ఇంత దూరం వచ్చారు. కానీ ఇంకోసారి రావద్దు. మిమ్మల్ని చూస్తే నేను చూడని ముఖం గుర్తొస్తది."

తిరిగి వరసలోకి వెళ్ళి వంగింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. గట్టు ఎక్కి రోడ్డు వైపు నడిచాం. సగం దూరం వచ్చాక వెనక నుంచి ఆమె గొంతు వినపడింది. పక్కనున్న ఆడమనిషికి చెబుతోంది.

"మా ఆయన నీళ్ళు తిప్పాడంట."

కాసేపాగి ఆ పక్క వరసలో ఉన్నామెకి, ఇంకొంచెం గట్టిగా, "నీళ్ళు తిప్పాడంట వదినా."

ఆటో దగ్గరికి చేరేదాకా వినపడుతూనే ఉంది. చేలో ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చెబుతోంది.